వినకుండా రాసిన రెండు ఉత్తర్వులు

(జస్టిస్ కోకా సుబ్బారావు గారి స్మృతిలో ఏలూరులో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావు గారి స్మారక సభ అనగానే అందరి నోటా వచ్చేది గోలక్‌నాథ్ తీర్పు. 1967 ఫిబ్రవరి 27న వచ్చిన ఆ తీర్పు పెద్దదే. కానీ ఈ ఊళ్లో ఆయన్ని తలచుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే లింగపాలెం మండలం ఉంది. ధర్మాజీగూడెం, లింగపాలెం, రెండూ ఆ మండలంలోని ఊళ్లే. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఈ రెండింటిలో ఎక్కడ ఉండాలన్న తగువు హైదరాబాదు దాటి ఢిల్లీ దాకా వెళ్లింది. 1965లో సుబ్బారావు గారే దానికి తీర్పు రాశారు. గద్దె వెంకటేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. పరిపాలనా న్యాయశాస్త్రం పుస్తకాల్లో ఈ కేసు తప్పకుండా కనిపిస్తుంది. చదివే పిల్లలకు అది మన ఏలూరు చుట్టుపక్కల కథ అని మాత్రం తెలియదు. అందుకే ముందు కథ చెబుతాను.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. 1959 నాటి చట్టం కింద సమితికి సొంత నిర్ణయాలు తీసుకునే అధికారం వచ్చింది. ఆరోగ్య కేంద్రం కావాలంటే ఊరివాళ్లు కూడా చేయి వేయాలన్నది నాటి పద్ధతి. ధర్మాజీగూడెం వాళ్లు కమిటీ వేసుకున్నారు, ఇంటింటికీ తిరిగారు, పది వేల రూపాయలు పోగుచేసి బ్లాకు అభివృద్ధి అధికారి దగ్గర జమ చేశారు. ఆ కాలంలో పల్లెటూళ్లో పది వేలంటే ఎన్ని చేతులు కలవాలో ఊహించండి. అయితే షరతులన్నీ అనుకున్నట్టు నెరవేరలేదు. 1961 మే నెలలో సమితి, ధర్మాజీగూడెంలో అన్న తన ముందటి తీర్మానాన్ని మార్చి, కేంద్రాన్ని లింగపాలెంలో పెట్టాలంది. ధర్మాజీగూడెం వాళ్లు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1962 మార్చిలో ప్రభుత్వం సమితి తీర్మానాన్ని కొట్టేసి, కేంద్రం ధర్మాజీగూడెంలోనే ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. ఇచ్చేముందు సమితికి నోటీసు లేదు. 1963 ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం తన ఉత్తర్వును తనే తిరగరాసి లింగపాలెం వైపు మొగ్గింది. ఈసారి ధర్మాజీగూడేనికి నోటీసు లేదు.

మొదటిసారి ఒకరిని వినలేదు, రెండోసారి మరొకరిని. అధికారం ఒకటే, ఫైలు ఒకటే, తప్పూ ఒకటే.

సుప్రీంకోర్టు ముందు మొదటి ప్రశ్న: ఈ గద్దె వెంకటేశ్వరరావుకు కోర్టుకొచ్చే హక్కు ఉందా? ఆరోగ్య కేంద్రం ఆయన సొంతం కాదు, పోయిన ఆస్తి ఏదీ లేదు. సుబ్బారావు గారు ఇక్కడ ఉదారంగా చూశారు. ఊరి తరఫున డబ్బు వసూలు చేసిన కమిటీ ఆ డబ్బుకు ధర్మకర్త లాంటిది. ఆ కమిటీ తరఫున అధికారులతో మాట్లాడుతూ వచ్చిన మనిషిని కోర్టు గుమ్మం దగ్గర ఆపడం కుదరదన్నారు. ప్రజాప్రయోజన వ్యాజ్యం అన్న మాట దేశంలో వినిపించడానికి పదిహేనేళ్ల ముందు సంగతి ఇది.

రెండో ప్రశ్న ఉత్తర్వుల సంగతి. రెండూ చెల్లవని తేల్చారు. మొదటిది చెల్లదు, సమితిని వినలేదు గనుక. రెండోది చెల్లదు, అలా తిరగదోడే అధికారం ఆ చట్టం కింద ప్రభుత్వానికి లేదు గనుక, పైగా ధర్మాజీగూడెం ప్రతినిధులకు నోటీసు ఇవ్వలేదు గనుక. ఇంతవరకు చదివిన వాడు ధర్మాజీగూడెం గెలిచిందనే అనుకుంటాడు. గెలవలేదు. రెండో ఉత్తర్వును కొట్టేస్తే మొదటిది మళ్లీ లేచి కూర్చుంటుంది. అదీ అక్రమమే. ఒక అక్రమాన్ని తీసి ఇంకో అక్రమానికి ప్రాణం పోయడానికి రిట్ అధికారం లేదన్నారు. అప్పీలు పోయింది.

నాకు ఈ కేసులో మనసును పట్టి నిలిపేది ఇదే. 1962లో తమవైపు ఉత్తర్వు వచ్చినప్పుడు ధర్మాజీగూడెంలో సంతోషించి ఉంటారు. సమితికి నోటీసు వెళ్లిందా అని ఎవరు అడుగుతారు? చివరికి వాళ్లను ఓడించింది ఆ అడగని ప్రశ్నే. సమితిని పిలిచి, విని, కారణాలు రాసి ఆ ఉత్తర్వు ఇచ్చి ఉంటే అది నిలబడేది, 1963 నాటి తిరుగుడును కోర్టు కొట్టేసేది. అవతలివాడిని వినకుండా మనకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వు మన ఆస్తి కాదు. ఈ మాటను మీరు చివర్లో కొల్లేరు సరస్సు సంగతికి వచ్చేదాకా గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

సుబ్బారావు గారికి ఇది కొత్త విషయం కాదు. అంతకు ఏడేళ్ల ముందు పక్క జిల్లా బస్సుల కేసులో ఆయన గట్టి పునాది వేశారు. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాళ్లను విన్నది రవాణా వ్యవహారాలు చూసే శాఖ కార్యదర్శి. పథకాన్ని ఆమోదించింది రవాణా శాఖ చేతిలో ఉన్న ముఖ్యమంత్రి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో వచ్చింది. పథకంతో సంబంధమున్న శాఖకు అధిపతి అయిన కార్యదర్శే ఫిర్యాదులు వినడం తన వ్యాజ్యానికి తనే తీర్పరి కావడం. పైగా విన్నది ఒకరు, నిర్ణయించింది ఇంకొకరు. ఎదురుగా కూర్చుని సాక్షి ముఖకవళికలు చూసిన మనిషి, సందేహం వస్తే అక్కడికక్కడే అడగగలిగిన మనిషి నిర్ణయించాలి. లేకపోతే ఆ విచారణ లాంఛనం. ఆ ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. వాళ్ల అభ్యంతరంలోనూ బలం ఉంది: ప్రభుత్వం ఒక్క మనిషి కాదు, పెద్ద పరిపాలన ఫైళ్ల మీదే నడుస్తుంది. అయినా నేను మెజారిటీ వైపే ఉంటాను. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నప్పుడు ఆ పక్షపాత ఆరోపణను అదే కోర్టు అంగీకరించలేదు. రాజకీయ నాయకుడికి విధానం ఉండవచ్చు, చెవులు మాత్రం తెరిచి ఉండాలన్నంతే కోర్టు అడిగింది.

ఈ అరవై ఏళ్లలో మన కార్యాలయాల్లో ఏం మారింది? నోటీసు ఇస్తున్నారు. అది నిజమే. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఒక వ్యాపారి లైసెన్సు నిలిపివేయాలన్నా, చౌకధరల దుకాణం డీలరును తప్పించాలన్నా, అసైన్డు భూమి పట్టా రద్దు చేయాలన్నా షోకాజ్ నోటీసు వెళుతుంది. ఏడు రోజుల గడువు, ఒక్కోసారి మూడు రోజులు. సంజాయిషీ వస్తుంది, ఇన్‌వర్డు నంబరు పడుతుంది. ఆ తర్వాత ఉత్తర్వులో ఒక వాక్యం ఉంటుంది, ఈ హాల్లో ఉన్న వకీళ్లందరికీ కంఠోపాఠం: మీ సంజాయిషీ సంతృప్తికరంగా లేనందున. ఎందుకు సంతృప్తికరంగా లేదు? రాయరు. డీలరు తన స్టాకు రిజిస్టరు జిరాక్సు జతచేశాడు, అది చూశారా? చెప్పరు. పక్క ఊరి డీలరుకు ఇదే తప్పు మీద జరిమానాతో సరిపెట్టి, ఇతనికి రద్దు ఎందుకు? మౌనం.

విచక్షణాధికారం చెడ్డది అని నేను అనను. అది లేకుండా ఏ తహసీల్దారూ పని చేయలేడు. ముంపు వచ్చిన రాత్రి ఏ ఊరి వాళ్లను ముందు తరలించాలో చట్టంలో రాసి ఉండదు. వరద తగ్గాక ఏ ఇంటికి సాయం రావాలో కొంతవరకు అధికారి కళ్లే చెప్పాలి. కానీ విచక్షణ అంటే కారణాల్లోంచి ఎంచుకోవడం. కారణం రాయకపోతే ఎంపిక జరిగిందో, పైనుంచి ఫోను వచ్చిందో ఎవరికి తెలుసు? రాసే అలవాటు అధికారినే ఎక్కువగా కాపాడుతుంది. పై ఒత్తిడి వచ్చినప్పుడు, కారణం రాయాలి కదా సార్, ఏం రాయమంటారు అని అడగగలిగిన ఆర్డీవో చేతిలో ఒక కవచం ఉన్నట్టే. కోర్టులో రిట్ పడ్డాక కౌంటరు అఫిడవిట్‌లో కొత్త కారణాలు అల్లడం కుదరదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసు తేల్చేసింది. ఉత్తర్వు తన కాళ్ల మీద తనే నిలబడాలి.

సుబ్బారావు గారి చివరి రోజుల తీర్పుల్లో ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నది అప్పటిదాకా అధికారుల ఇష్టం. దానికి చట్టమే లేదు. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ కేసులో మెజారిటీ తరఫున ఆయన, హద్దులేని ఆ ఇష్టం రాజ్యాంగం ముందు నిలవదన్నారు. అదే సంవత్సరం పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. ఇవాళ కువైట్‌కో, గల్ఫ్‌లో మరో చోటికో వెళ్లే గోదావరి జిల్లాల ఆడపడుచుకు పాస్‌పోర్టు ఆపితే కారణం అడిగే హక్కు ఉందంటే, దాని వెనక ఆ తీర్పు ఉంది.

ఇప్పుడు ధర్మాజీగూడెం తీర్పు తర్వాత ఏమైందో చూద్దాం. వినకపోయినా ఉత్తర్వును కొట్టేయనక్కర్లేని సందర్భం ఉంటుందని అది ఒప్పుకుంది. ఆ చిన్న తలుపులోంచి తర్వాత చాలామంది దూరారు. విన్నా ఫలితం మారేది కాదు కదా, ఇంకెందుకు విచారణ అన్న వాదన బలపడింది. 1980లో ఎస్.ఎల్. కపూర్ కేసులో జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను తిరగ్గొట్టారు. న్యూఢిల్లీ పురపాలక కమిటీని రద్దు చేసిన వ్యవహారం అది. వినకపోవడమే నష్టం, వేరే నష్టం నిరూపించమని బాధితుణ్ణి అడగడం న్యాయం కాదన్నారు. ఒప్పుకున్న వాస్తవాల మీద ఒకే ఒక్క ముగింపు సాధ్యమైతే మాత్రం కోర్టు రిట్ ఇవ్వకపోవచ్చని మినహాయింపు పెట్టారు. 1999లో ఎం.సి. మెహతా కేసులో, ఢిల్లీ పెట్రోలు బంకుల స్థలాల విషయంలో, జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు ఈ చర్చనంతా మళ్లీ తిరగేశారు. మన ధర్మాజీగూడెం తీర్పునే ఆధారం చేసుకుని, కొట్టేస్తే మరో అక్రమం బతికేచోట కోర్టు ఆగవచ్చన్నారు. ముగ్గురూ తెలుగువారే కావడం యాదృచ్ఛికమే అయినా, ఒక పల్లెటూరి ఆసుపత్రి తగాదా చుట్టూ ఇంత ఆలోచన జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది. నా మొగ్గు చిన్నపరెడ్డి గారి వైపు. ఫలితం మారదని ముందే తెలుసుననేవాడు వినకముందే నిర్ణయించుకున్నవాడు. ఆ ధీమానే కదా విచారణ పరీక్షించాల్సింది.

చిన్నపరెడ్డి గారి పేరు వచ్చింది గనుక న్యాయవ్యవస్థ స్వతంత్రత మాట ఇక్కడే చెప్పాలి. 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, దేశంలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేశారు. మన హైకోర్టు నుంచి చిన్నపరెడ్డి గారిని పంజాబ్, హర్యానా హైకోర్టుకు పంపారు. గుజరాత్ నుంచి జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ను హైదరాబాదుకు పంపారు. సేఠ్ గారు వచ్చి బాధ్యతలు చేపట్టారు, తన బదిలీని కోర్టులో సవాలూ చేశారు. 1977లో సుప్రీంకోర్టు, బదిలీకి న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి కాదంటూనే, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు పేరుకు జరిగితే చాలదంది. వివరాలన్నీ ముందు పెట్టి, ఆలోచించడానికి వీలిచ్చి జరగాలంది. గమనించండి, పౌరుడికి అడిగినదే ఇక్కడా అడుగుతోంది. వాస్తవాలు ముందుంచడం, నిజంగా వినడం, ఆ తర్వాతే సంతకం. న్యాయమూర్తి బదిలీ ఫైలు మీద ఇది జరగని దేశంలో, రేషను డీలరు ఫైలు మీద జరుగుతుందని ఎలా ఆశించగలం?

ఇక సుబ్బారావు గారి గురించే ఒక కష్టమైన మాట. ఆయన మీది గౌరవంతోనే అంటున్నాను. 1967 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు, జాకిర్ హుసేన్ గారి చేతిలో ఓడిపోయారు. చట్టం దాన్ని ఆపలేదు. కానీ ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ లాంటి తీర్పు చెప్పిన మనిషి ఏప్రిల్‌లో అభ్యర్థి అయితే, ఆ తీర్పును వ్యతిరేకించేవారికి ఆయనే ఒక మాట అందించినట్టయింది. ఆయన నిర్ణయాల్లో పక్షపాతం ఉందని నేను నమ్మను. గుళ్లపల్లి కేసులో ఆయన పెట్టిన కొలత మాత్రం, పక్షపాతం ఉందా అని కాక, ఉందని ఇతరులు సహేతుకంగా అనుకునే అవకాశం ఉందా అని అడుగుతుంది. ఆ కొలతకే ఆ రాజీనామా నిలవలేదని నా అభిప్రాయం. పదవీ విరమణ తర్వాతి పదవుల గురించి ఇవాళ మనం అడిగే ప్రశ్నలకూ అదే కొలత పనికొస్తుంది.

ఇప్పుడు కొల్లేరు.

ఈ సరస్సు సంగతి మీకు నేను చెప్పేదేముంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఇందులో పడతాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకెళుతుంది. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వమే చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత పెట్టుబడి వచ్చింది, లీజులు వచ్చాయి, సంఘం పేరు ఒకరిది, చేప ఒకరిది అయింది. గట్ల మీద గట్లు లేచి నీటిదారి మూసుకుపోయింది. 1995లో ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యం చేయాలన్న ఉద్దేశాన్ని ప్రకటించింది. 1999 అక్టోబర్ 4న జీవో 120 వచ్చింది. ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే 76 వేల ఎకరాలకు మించి అభయారణ్యం. 2002లో చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ పర్యవేక్షణలో ఆపరేషన్ కొల్లేరు నడిచింది, గట్లు పేల్చేశారు.

గట్లు పోవాల్సిందే. సరస్సు పొంగితే ఏలూరూ మునుగుతుంది, కైకలూరూ మునుగుతుంది. ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. నా బాధ వేరే చోట ఉంది. 1972 వన్యప్రాణి చట్టం తీసి 18 నుంచి 26ఎ దాకా సెక్షన్లు చదవండి. ఉద్దేశ ప్రకటన తర్వాత కలెక్టరు ఊరూరా ప్రకటన వేయాలి, అదీ ప్రాంతీయ భాషలో, అంటే తెలుగులో. రెండు నెలల్లో క్లెయిములు రాసివ్వమనాలి. ఒక్కొక్క క్లెయిమును విచారించాలి. ఒప్పుకుంటే మూడు దారులు: ఆ భూమిని హద్దుల్లోంచి తప్పించడం, పరిహారమిచ్చి తీసుకోవడం, లేదా ఆ హక్కును కొనసాగనివ్వడం. క్లెయిములన్నీ తేలాకే అభయారణ్య ప్రకటన. లంక గ్రామంలోని వల వేసుకునే మనిషి కోసం ఇంతకంటే శ్రద్ధగా రాసిన చట్టం అరుదు.

అయినా ఇన్నేళ్లుగా కొల్లేరు ఊళ్లలో వినిపించే ఫిర్యాదు ఏమిటి? జిరాయితీ పట్టా ఉంది, పరిహారమూ రాలేదు, మినహాయింపూ రాలేదు, సాగు మాత్రం కుదరదు అని. ఐదో కాంటూరు లోపల కనీసం మూడు రకాల మనుషులున్నారు. తాతల నాటి జిరాయితీ ఉన్న రైతు. ప్రభుత్వమే చెరువిచ్చిన సంఘ సభ్యుడు. డబ్బు, పలుకుబడి తప్ప కాగితం లేని ఆక్రమణదారు. చట్టం ముందు ముగ్గురూ ఒకటి కాదు. విచారణ పని ఆ ముగ్గురినీ వేరు చేయడమే. వినడమంటే జాలి పడడమని కొందరు అనుకుంటారు. కాదు, ఎవరికి హక్కుందో, ఎవరికి లేదో తేల్చేది అదే. మొదటి ఇద్దరి క్లెయిము మీద విని, కారణం రాసి, అవునో కాదో తేల్చి ఉంటే, మూడోవాడు ఒంటరిగా మిగిలేవాడు.

తేలకపోవడం వల్ల అతను ఒంటరి కాలేదు. 2008లో శాసనసభ, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. చిన్న రైతు కన్నీళ్లు చూపించి అడిగిన ఆ కుదింపులో ఎక్కువ లాభం ఎవరికో ఈ సభకు తెలుసు. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపును ఒప్పుకోలేదు. హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలని చట్ట సవరణ ముందే చెప్పింది. ఆ తగువు ఆగలేదు. జవాబు దొరకని పేదవాడి అర్జీ, పెద్దవాడి చేతిలో డాలు అయింది. ధర్మాజీగూడేనికి నోటీసులేని ఉత్తర్వు చేసిన కీడే, కొల్లేటికి తేలని క్లెయిములు చేశాయి. సరస్సును ప్రేమించేవాళ్లం ముందుగా అడగాల్సింది ఆ క్లెయిముల విచారణే. అది జరగనంత కాలం మన గెలుపు 1962 నాటి ఉత్తర్వులాంటిదే.

కోర్టుల బాధ్యతా ఇక్కడ ఉంది. పర్యావరణ కేసుల్లో కమిటీ నివేదిక మీద ఆదేశాలు వెళుతుంటాయి. ఢిల్లీ హాలులో రైతు ఉండడు, సంఘ సభ్యుడు ఉండడు. అందుకే కింది మెట్టు మీద, కలెక్టరు విచారణలో, వాళ్ల మాట పూర్తిగా రికార్డు కావాలి. పై కోర్టు ఎంత స్వతంత్రంగా ఉన్నా, తన ముందుకు రాని మాటను వినలేదు కదా.

ఇక్కడున్న యువ న్యాయవాదులకు ఒక పని అప్పగించి విరమిస్తాను. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4, ఉపసెక్షన్ 1, క్లాజు డి చూడండి. పరిపాలనాపరమైన నిర్ణయానికి కారణాలను ప్రభావితులకు అధికారులే తెలియజేయాలని అది చెబుతుంది. ఒక లంక గ్రామాన్ని తీసుకోండి. 1995, 1999 మధ్య ఆ ఊరి నుంచి వెళ్లిన క్లెయిములు ఎన్ని, ఒక్కొక్కదాని మీద కలెక్టరు రాసిన ఉత్తర్వు ఏమిటి, తెలుగు ప్రకటన ఏ రోజున ఎక్కడ అంటించారు, అని ఊరివాళ్ల చేత అర్జీ పెట్టించండి. ఉత్తర్వులు దొరికితే గ్రామసభలో చదివి వినిపించండి. దొరకకపోతే, దొరకలేదని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు కాగితంతోనే రిట్ మొదలుపెట్టవచ్చు. జిరాయితీ రైతు పిటిషనులో మరెవరి పేరూ కలపకండి.